పిక్కలు పిసికే పెట్టెకు టీకా తాత్పర్యము

మూలము

“అలసిన మీ పాదాలకు రాజభోగం! 360 డిగ్రీల ఎయిర్ కంప్రెషన్, త్రీడీ షియాట్సు నీడింగ్, హీట్ థెరపీల దివ్యసంగమం. ఇంటిల్లిపాదికీ ఇంట్లోనే స్పా అనుభవం.”

అవతారిక

అక్షరం అటూ ఇటూగా ప్రతి లెగ్ మసాజర్ పెట్టె మీదా కనిపించే ఈ గద్యానికి కర్త ఎవరో తెలియదు. వేదం వలె అపౌరుషేయమని కొందరి మతం. చదివితే మనిషి రాసినట్టు లేదు గనుక మేమూ ఒప్పుకుంటున్నాము. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొని పంచకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆ మహానుభావుడికి కాళిదాసు దొరికాడు, ఒట్టు చెల్లింది. మాకు దొరికింది అట్టపెట్టె. ఇందులో ఉన్నదంతా అక్కరలేనిది, అక్కరకొచ్చేదేదీ ఇందులో లేదు. కనుక ఆయన ఒట్టును తిరగేసుకొని మొదలుపెడుతున్నాము.

ప్రతిపదార్థము

అలసిన = అలసిపోయిన; మీ = మీ యొక్క; పాదాలకు = పాదములకు; రాజభోగం = రాజు యొక్క భోగము. కంప్రెషన్, షియాట్సు, నీడింగ్ అనునవి సులభములు గనుక విడువబడినవి.

విశేషములు

“360 డిగ్రీల” అనుచోట కొంత విచారము. ఈ సంఖ్య గాలితిత్తుల యంత్రానికే చెల్లుతుంది. కాలి చుట్టూ సంచి కట్టి పంపుతో గాలి నింపితే, పాదం దగ్గర మొదలై పిక్క మీదుగా ఒక్కో తిత్తీ బిగుసుకుంటుంది, వదులుతుంది. కిందినుంచి పైకే ఎందుకనగా, కాలి సిరల్లోని రక్తం గుండెకు ఎక్కవలసి ఉన్నది. నడిచేటప్పుడు పిక్క కండరమే దాన్ని పైకి తోస్తుంది, అందుకే డాక్టర్లు దానికి రెండో గుండె అని బిరుదిచ్చారు. కదలకుండా గంటలకొద్దీ నిలబడితే ఆ గుండె ఊరుకుంటుంది, సాయంత్రానికి చీలమండల దగ్గర నీరు దిగుతుంది.

రోలర్ల పెట్టెది వేరే జాతి. కుర్చీలో కూర్చుని కాళ్లు అందులోకి దించాలి. అరికాలి కింద బొడిపెలు, పిక్కకు అటూ ఇటూ తిరిగే రోలర్లు ఉంటాయి. కాలి ముందువైపు ఎముకే గనుక అక్కడ వాటికి పనిలేదు. కావున రోలర్ల పెట్టె మీద 360 అని ఉంటే అది కవిసమయమని గ్రహించునది.

సుశ్రుతుడు ఒంట్లో 107 మర్మాలు లెక్కపెట్టి ఒక్కొక్క కాలికి 11 పంచాడు. అరికాలి నడుమది తలహృదయం, పిక్క నడుమది ఇంద్రబస్తి. దెబ్బ తగలకూడని చోట్లని ఆయన వీటిని చెప్పగా, పెట్టెవాడు సరిగ్గా అక్కడే రోలర్లు బిగించి, పైన ‘హై’ అని మీట పెట్టాడు. బక్కకాళ్ల పెద్దవాళ్లు ఆ మీట జోలికి పోరాదు. వారికి గాలితిత్తులే మేలు.

“స్పా అనుభవం” అనుచోట సంవాహనకళా ప్రశంస

ఒళ్లు పట్టడాన్ని వాత్స్యాయనుడు 64 కళల్లో చేర్చాడు. శాకుంతలం మూడో అంకంలో దుష్యంతుడంతటివాడు శకుంతల పాదాలు ఒడిలో పెట్టుకొని ఒత్తుతానంటాడు. చరకుడు సూత్రస్థానం అయిదో అధ్యాయంలో పాదాభ్యంగానికి పెద్దపీట వేసి, అరికాళ్లకు నూనె మర్దిస్తే బిరుసూ, బిగువూ, అలసటా, తిమ్మిరీ పోతాయన్నాడు. కంటిచూపుకూ మంచిదన్నాడు. (నూనె రాసుకొని పెట్టెలో కాళ్లు పెట్టేవారు, లోపలి గుడ్డకు జిప్పుందా, ఊడదీసి ఉతకవచ్చా అని ముందే చూసుకొందురు గాక. ఆ సంగతి మూలంలో లేదు.)

అయితే ఈ కళకు అసలైన నాయకుడు శూద్రకుడి మృచ్ఛకటికంలోని సంవాహకుడు. పాటలీపుత్రంలో గృహస్థు బిడ్డ. కొత్త దేశం చూడాలని ఉజ్జయినికి వచ్చి చారుదత్తుడి దగ్గర ఒళ్లుపట్టే కొలువులో కుదిరాడు. కళ అని నేర్చుకున్నది చివరికి బతుకుతెరువైపోయిందని కథానాయిక వసంతసేన దగ్గర వాపోతాడు. యజమాని ఆస్తి కరిగాక జూదంలో పడ్డాడు, పది బంగారు నాణేలు ఓడాడు, పారిపోయాడు. అప్పులవాళ్లు అడుగుజాడలు పడతారని వెనక్కి వెనక్కి నడుస్తూ విగ్రహం లేని గుళ్లో దూరి, తానే విగ్రహమై నిలబడ్డాడు. పాదాలు పట్టి బతికినవాడికి పాదముద్రల మర్మం తెలియదా! వాళ్లూ తక్కువవాళ్లు కాదు. ఇది కొయ్యా, రాయా అని కుదిపి చూసి, ఎదురుగానే పాచికలు మొదలుపెట్టారు. పాచికల చప్పుడుకు విగ్రహం ఉండబట్టలేకపోయింది. ఆ తరువాత తన్నులు, పరుగు, వసంతసేన గుమ్మం. ఆమె తన చేతి కడియమిచ్చి అప్పు తీర్పిస్తే, ఇతడు విరక్తి పుట్టి బౌద్ధభిక్షువయ్యాడు.

ఎనిమిదో అంకంలో ప్రతినాయకుడు శకారుడు గొంతు నులిమి, చచ్చిందనుకొని ఆకుల కింద కప్పి పోయిన వసంతసేనను ఈ భిక్షువే చూస్తాడు. తడిగుడ్డ పిండి నీళ్లు చల్లుతాడు, గాలి విసురుతాడు. లేవదీయవలసి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఇవ్వడు. పక్కనున్న తీగను వంచి, దీన్ని పట్టుకొని లేవమంటాడు. ఒళ్లు పట్టి బతికిన చేతులు తీగను వంచుతున్నాయి! దీని మీద మల్లినాథుడు వ్యాఖ్య రాసి ఉంటే ఎంత బాగుండేది. పదో అంకంలో ఇతణ్ణి విహారాలన్నిటికీ కులపతిని చేస్తారు. రాజభోగమంటే అదీ.

ప్రకృతమేమి? లెగ్ మసాజరు.

“రాజభోగం” అనుచోట

ఈ మాట మాకు వినిపించింది షోరూమ్‌లో డెమో ఇచ్చే అమ్మాయి. “దివ్యసంగమం సార్” అని పాఠం ఒప్పజెబుతూ, చెప్పులోంచి ఎడమపాదం బయటికి తీసి కుడి పిక్కకేసి రుద్దుకుంటున్నది. షాపు తెరిచినప్పటినుంచీ నిలబడే ఉందట. అక్కడ సోఫా ఉంది, కస్టమర్లకు. స్టాఫ్ కూర్చుంటే కెమెరాలో కనిపిస్తుందట. కాళ్లనొప్పికి మందు అమ్మే మనిషికి స్టూలు లేదు! దీనికి ఏ అలంకారం చెప్పమంటారు? విరోధాభాసమందామంటే, విరోధం ఉత్త ఆభాస కావాలి. ఇక్కడ నిజంగానే ఉంది. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించాయి. కుర్చీ వేయడానికి చట్టం కావలసి వచ్చింది!

పారిజాతాపహరణంలో సత్యభామ తన్నితే, తన్ను తిన్న కృష్ణుడు నీ పాదం నొచ్చిందేమోనని బాధపడతాడు. నంది తిమ్మన కృష్ణుడికి తోచిన పాటి ప్రశ్న పెట్టెకు తోచదు. నొప్పి ఎక్కడ? ఒక కాలా, రెండా? పొద్దున్నా, సాయంత్రమా? పెట్టె మీది బొమ్మలో పాలరాతి సోఫా మీద నవ్వుతున్న అమ్మాయి కాళ్లు ఏనాడైనా నొచ్చినట్టున్నాయా?

పూర్వపక్షము

“మనవడి చేత తొక్కించుకోవచ్చు గదా?” అందురేని: మనవడు నడిచే యంత్రం, బరువు ఇరవై కిలోలు, కరెంటక్కర్లేదు, శబ్దం మెండు, చిల్లర వేస్తే తప్ప పనిచేయడు, టీవీ పెడితే తనంత తానే ఆగిపోతాడు. పైగా హాస్టల్లో ఉన్నాడు. కావున యంత్రమే గతి.

సిద్ధాంతము

పిక్క బాగా లావున్నచోట టేపుతో సాయంత్రం కొలవండి. పొద్దున కొలిస్తే వాపు లెక్కలోకి రాదు. ఆ కొలత పెట్టె నోటికి సరిపడకపోతే త్రీడీ ఎందుకు? పొట్టివాళ్లు కూర్చుని చూడాలి, పాదం అడుగుకు ఆనకపోతే బొడిపెలు గాలిలో తిరుగుతాయి. మీటలు పెట్టె నెత్తిన ఉంటే మాటిమాటికీ వంగాలి. నడుంనొప్పి కూడా ఉన్నవాళ్లకు రిమోటే శరణ్యం. పదిహేను, ఇరవై నిమిషాలకు తానే ఆగేది కొనాలి, కాళ్లు పెట్టి నిద్రపోయేవాళ్లు ఉంటారు గనుక.

ప్రక్షిప్త విచారము

పెట్టె అడుగున, బార్‌కోడ్ పక్కన, చీమతలకాయంత అక్షరాల్లో ఒక ఖండిక ఉన్నది. ఇది మూలకర్తది కాదని మా నిశ్చయం. శైలి వేరు, ఒక్క విశేషణమైనా లేదు. కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారు, కొత్తగా ఆపరేషనైనవారు, పేస్‌మేకరున్నవారు, గర్భిణులు, పుండ్లున్నవారు డాక్టరును అడగకుండా వాడరాదని దీని సారం.

పెట్టె మొత్తం మీద వ్యాఖ్య కోరే భాగం ఇదొక్కటే. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పుడితే దాన్ని పిసకకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. నడిస్తే పిక్క పట్టేసి ఆగితే వదిలేస్తుంటే, అది రక్తనాళం పూడిన గుర్తు కావచ్చు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు ‘హీట్ థెరపీ’ చర్మాన్ని కాలుస్తున్నా తెలియదు.

కావున పండితులు దీన్ని పరిష్కరించి మళ్లీ అచ్చు వేయించేటప్పుడు ఈ ఖండికను పెట్టె ముందువైపు పెద్దక్షరాలలో వేయించి, “అలసిన మీ పాదాలకు” మొదలు “స్పా అనుభవం” దాకా గల భాగాన్ని బార్‌కోడ్ పక్కకు దించవలెను. కావ్యరసికులు భూతద్దం తెచ్చుకొందురు.