పెరడంతా చప్టా

పోయిన వేసవిలో కూతురింటికెళ్లి నెల్లాళ్లుండి వచ్చేసరికి మా పెరట్లో నేల లేదు. వెనక గుమ్మం దగ్గర్నుంచి ప్రహరీ దాకా సిమెంటు చప్టా చేయించేశాడు మా అబ్బాయి. "బురద ఉండదమ్మా, నువ్వు జారిపడతావన్న బెంగ ఉండదు, కారు కూడా లోపలికొస్తుంది" అన్నాడు. నా మంచి కోరే చేశాడు, కాదనను. కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అమలాపురం పక్కనున్న ఈ ఊరికి నేను కాపురానికొచ్చింది 1973లో. మా రోజుల్లో కోనసీమలో ఇల్లు చూడ్డానికొస్తే ముందు పెరడెంత అని అడిగేవాళ్లు. మాది రెండొందల గజాలు. నూతిపళ్లెం నీళ్లు పారే చోట అరటి, కంద. దడి పొడవునా బచ్చలి, దొండ. పశువుల పాక వైపు మునగ, కరివేపాకు. గట్టు వారన ఆరు కొబ్బరి చెట్లు. కూర కొనడం ఇంటికి చుట్టాలొచ్చినప్పటి మాట. బియ్యం కడుగు గేదె కుడితిలోకి, స్నానాల నీళ్లు అరటి మొదట్లోకి, పేడ పాదుల్లోకి వెళ్లేవి. బయట పారేయడానికి ఏమీ మిగిలేది కాదు.

మృగశిర కార్తె వస్తోందనగా మా అత్తగారు దూలానికి కట్టిన ఎండు బీరకాయ దింపి, చెవి దగ్గర గలగలలాడించి, మూతి విరిచి గింజలు దులిపేవారు. విత్తనాలు కొనడమన్నది ఆవిడ ఎరగరు. పొట్లకాయ వంకర పోకుండా చివర గులకరాయి కట్టడం నాకు నేర్పింది ఆవిడే. రాయి బరువెక్కువైతే తొడిమ తెగుతుంది, తక్కువైతే కాయ మెలి తిరుగుతుంది. నాలుగైదు రాళ్లు అరచేతిలో ఆడించి చూసి, ఒకటి నా చేతిలో పెట్టి "ఇది చాలు" అనేవారు.

అత్తాకోడళ్లకు పొరపొచ్చాలు రాలేదా అంటే వచ్చాయి. మూడేసి రోజులు మాటల్లేకుండా గడిచిన సందర్భాలున్నాయి. కానీ ఆనపపాదుకు పందిరి వేయాలంటే ఒకరు వెదురు పట్టుకోవాలి, ఇంకొకరు తాడు బిగించాలి. "అమ్మాయ్, కాస్త ఇటు వంచు" అనేవారు ఆవిడ. నేను వంచేదాన్ని. సాయంత్రానికి మామూలుగా మాట్లాడేసుకునేవాళ్లం. ఇప్పుడు మాట పట్టింపొస్తే ఎవరి గదిలోకి వాళ్లు పోయి తలుపేసుకుంటున్నారు. తలుపు తీసుకుని రావడానికి పని ఒకటి ఉండాలి కదా!

ఇరుగుపొరుగూ అంతే. మట్టలతో కట్టిన దడిలో సందుండేది. ఆ సందులోంచి కరివేపాకు రెబ్బ అటు వెళ్తే మజ్జిగ చెంబు ఇటొచ్చేది. ఎవరి పాదు ముందు కాసినా తొలికాపులో ఒక కాయ పక్కింటికి. ఇప్పుడు ప్రహరీలు నిలువెత్తు లేచాయి. పక్కింట్లో ఎవరికి జ్వరమొచ్చిందో అంబులెన్సు వస్తే గానీ తెలియడం లేదు.

ఆ రోజుల్లో కష్టాలు లేవని నేననను. పాములొచ్చేవి. నూతిలో నీళ్లు తోడితోడి అరచేతులు కాయలు కాసేవి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు కూలిపోయాయి. మా ఆరింటిలో నాలుగు పడ్డాయి, ఒకటి పాక మీదే పడింది. మా అత్తగారికి అప్పటికి డెబ్బై దాటాయి. తెల్లారాక పడిన చెట్టు మీదే కాసేపు కూర్చున్నారు, ఎవరితోనూ మాట్లాడలేదు. నెల తిరక్కుండానే గోతులు తీయించి మొక్కలు పెట్టించారు. పొడవు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అవి గెల వేసేనాటికి ఆవిడ లేరు.

ఆ చెట్లనే మొన్న చప్టా కోసం కొట్టించేశారు. తెల్లదోమ పట్టింది, ఆకులన్నీ మసి కమ్మాయి, ఇంకెందుకన్నారు. ఈ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కనబడి, ఆనక మన తోటలకూ పాకింది. విషపు మందులు కొడితే దాన్ని అదుపు చేసే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగలు చస్తాయి, ఆకుల మీద నీళ్లు బలంగా చిమ్మాలి, ఓపిక పట్టాలి. చీడ పడితే చెట్టుకు వైద్యం చేసేవాళ్లం మేము. ఇప్పుడు ముందు గొడ్డలే గుర్తొస్తోంది.

నీళ్ల సంగతి చూడండి. రెండొందల గజాల్లో ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే పదహారు వందల లీటర్ల పైనే పడతాయి. అందులో చాలా మటుకు ఒకప్పుడు నేలలోకి ఇంకి మా నూతికి చేరేవి. సముద్రం దగ్గరున్న మా సీమలో ఉప్పు నీళ్లు పైకెగదన్నకుండా అడ్డుపడేది ఆ మంచినీళ్లే. ఇప్పుడవి చప్టా మీంచి జారి రోడ్డు మీదికి పోతున్నాయి.

మొన్న రథసప్తమికి నా గుండె కలుక్కుమంది. సూర్యుడికి పాయసం పెట్టడానికి చిక్కుడాకులు, రథానికి చిక్కుడుకాయలు బజారులో కొనుక్కొచ్చారు. మా పిల్లలు చిన్నప్పుడు పాదు దగ్గరికి పరిగెత్తి లేత కాయలు కోసుకొచ్చి, కొబ్బరి పుల్లలు గుచ్చి తమ రథం తామే కట్టేవాళ్లు. మనవరాలు పొట్లంలోని కాయను చూసి, "మామ్మా, ఇది చెట్టుకి కాస్తుందా, తీగకి కాస్తుందా?" అని అడిగింది. పదేళ్ల పిల్ల. కోనసీమలో పుట్టిన పిల్ల.

ఆ రాత్రే అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను. "ఒరేయ్, కారు పెట్టుకో, వద్దనను. ప్రహరీ వారన నాలుగడుగుల వెడల్పున నాకు నేల తిరిగివ్వు" అన్నాను. వాడు వెంటనే ఏమీ అనలేదు. ఆదివారం గునపం తీశాడు. కోడలు సిమెంటు పెచ్చులు తట్టకెత్తింది. తట్ట నిండగానే "ఏవండీ, అటు పట్టండి" అని పిలిచింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని వీధిలోకి మోశారు.

ఇల్లు కట్టుకునే పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే. ఎంత చిన్న జాగా అయినా కాస్త నేల వదలండి. అందులో కాసే కూర ఖరీదు లెక్కేసుకోకండి. ఆషాఢంలో మా చిక్కుడు గింజ పడుతుంది. పందిరి వెదురు పట్టుకోవడానికి మనవరాలికి ఇప్పుడే చెప్పి ఉంచాను.