నెల్లిమర్ల రేడియో చెప్పిన 1974

నేను వాల్వుల రేడియోని. మీట తిప్పగానే పలకలేను. లోపలి గాజుబుడ్లు ఎర్రబడి వేడెక్కేదాకా ఆగాలి. గొంతు లేచాక కూడా ఏ పాటనీ దాచుకోలేను. గ్రామఫోను రికార్డు తన గీతల్లో పాటను మోస్తుంది. నాలోకి వచ్చిన పాట వచ్చినట్టే వెళ్లిపోతుంది. అందుకే నా కథ అంటే నేను పలికిన పాటల కథ కాదు, వాటిని విన్న మనిషి కథ.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలైన 1963లోనే మా ఆసామి నన్ను విజయనగరంలో కొన్నాడు. దుప్పటి చుట్టి, సైకిలు కేరియర్‌కి కట్టి నెల్లిమర్ల తెచ్చాడు. జూట్ మిల్లులో మగ్గం పని ఆయనది. ఇంటి కప్పు మీద రెండు వెదుళ్లు నిలబెట్టి ఏరియల్ కట్టాడు. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్లి నా లైసెన్సు డబ్బు కట్టేవాడు. రోజంతా మగ్గాల హోరులో నిలబడ్డ చెవికి పాట ఎంత అవసరమో నేను ఆయన దగ్గరే తెలుసుకున్నాను. తెల్లారితే భక్తిరంజని, షార్ట్ వేవ్ దొరికినప్పుడు రేడియో సిలోన్ నుంచి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై తెలుగు, శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం. ఇవీ ఆయన ఆస్తులు.

ఆ ఆస్తికి పెద్ద దెబ్బ తగిలిన సంవత్సరం 1974. ఆయన ఆనందంతో పొంగిపోయిందీ అదే సంవత్సరంలో.

ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశాడు. ఆయనకు 51 ఏళ్లు. ఆ వార్త నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. మా ఆసామి లేచి నిలబడ్డాడు. పొయ్యి దగ్గర నుంచి ఇల్లాలు, "ఏటయ్యింది, అలాగుండిపోనావు?" అంది. "ఘంటసాల ఎల్లిపోనాడే" అన్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

తెలుగువాళ్లందరికీ ఉన్న దుఃఖమే అది. కానీ మా విజయనగరం వైపు దానికి ఇంకో పొర ఉంది. కృష్ణా జిల్లాలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు సంగీతం కోసం వెతుక్కుంటూ వచ్చింది మా విజయనగరం సంగీత కళాశాలకే. 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన మహారాజా సంగీత కళాశాల అది. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రవాణ్ణి చేరదీసి పాఠం చెప్పాడు. ఘంటసాల ఆ ఊరి వీధుల్లో మధుకరం ఎత్తి, ఇంటింటి ముద్ద తిని చదువుకున్నాడు. అందుకే ఆయన పోయినప్పుడు మావాళ్లు సినిమా గాయకుడు పోయాడనుకోలేదు. తమ ఇంటి అన్నం తిన్న బిడ్డ పోయాడనుకున్నారు.

రెండు రోజులకే, 13న, కలకత్తాలో కారు ప్రమాదంలో హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ మరణం. హిందీ అక్షరం రాని మా ఆసామికి ఆయన విలంబిత ఖయాల్ అంటే ప్రాణం. తొందర లేకుండా, మంద్రంలో ఒక్కో స్వరాన్నీ తాకుతూ రాగంలోకి దిగే ఆ గొంతు వినిపిస్తుంటే, బీడీ ముట్టించడం కూడా మరిచిపోయేవాడు.

మే 1న కృష్ణ నూరో చిత్రం 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. అందులో శ్రీశ్రీ రాసిన ఉద్బోధ గీతాన్ని వి. రామకృష్ణతో కలిసి ఘంటసాల పాడాడు. మరుసటేడు ఉత్తమ గీతరచనకు జాతీయ పురస్కారం తెచ్చిన పాట అది. కన్నుమూసిన మనిషి గొంతు, నిద్రపోతున్న జాతిని లెమ్మని పిలిచింది. నా నుంచి ఆ పాట మొదటిసారి వచ్చిన రాత్రి మా ఆసామి నా శబ్దం పూర్తిగా పెంచేశాడు. వీధి వీధంతా గుమ్మంలో చేరింది. దుఃఖం పోలేదు, కానీ దానికి వెన్నెముక వచ్చింది.

ఆ నెలలోనే ఆయన కూతురి పెళ్లి. మా పి. సుశీల పాటలన్నీ నా దగ్గర కూర్చుని నేర్చుకున్న పిల్ల. సుశీల పుట్టిందీ విజయనగరంలోనే, చదివిందీ ఆ సంగీత కళాశాలలోనే. రైల్వే సమ్మె రోజులు కావడంతో పలాస నుంచి పెళ్లివారు లారీలో వచ్చారు. అప్పగింతలప్పుడు తండ్రి నన్ను సారెతో పాటు పంపిస్తానన్నాడు. "ఒద్దు నాన్నా, నువ్వు దేంతో ఇంతావు?" అని ఆ పిల్ల నన్ను మళ్లీ బల్ల మీద పెట్టింది. తర్వాత చాన్నాళ్లు ఇంట్లో నేనొక్కదాన్నే పాడాను.

ఆగస్టులో ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి రామన్ మెగసెసే పురస్కారం. భారతీయ సంగీతకారుల్లో ఆ గౌరవం దక్కిన మొదటి మనిషి ఆమె. కచేరీల రాబడిని దానధర్మాలకు ధారపోసినందుకు ఆ పురస్కారం ఇచ్చారు. పాట మంచితనమై ఊరికి ఉపకరించగలదని ప్రపంచం ఒప్పుకుందని మా ఆసామి మిల్లులో కనబడినవాళ్లందరికీ చెప్పాడు.

అక్టోబరు మళ్లీ పరీక్ష పెట్టింది. 16న కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ కచేరీ చేసిన రోజే వెళ్లిపోయాడు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాళ్లలోనే, 30న, అహ్మదాబాదులో గజల్ గాయని బేగం అఖ్తర్. ఏడాదిలో నాలుగు మహా స్వరాలు.

శీతాకాలంలో పలాస నుంచి కార్డు వచ్చింది. "నాన్నా, మొన్న రాత్రి ఘంటసాల పాటలేశారు, నువ్వూ ఇన్నావా? మా అత్త కూడా కూర్చుని ఇంది" అని రాసింది కూతురు. అవును, విన్నాడు. నా ముందు ఈయన, అక్కడి ట్రాన్సిస్టర్ ముందు ఆ పిల్ల, ఒకే క్షణంలో విన్నారు. ఘంటసాల పాట ఎలా వినాలో ఆ పిల్ల తన అత్తకు నేర్పుతోందని మా ఆసామికి అప్పుడు అర్థమైంది.

నాకూ అప్పుడే అర్థమైంది. గొంతును దాచే పని యంత్రాలది కాదు. వాల్వు మాడిపోతుంది, రికార్డు అరుగుతుంది. శ్రద్ధగా విన్నవాడు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే పాటకు ఇంకో ఆయుష్షు వస్తుంది. మధుకరం పెట్టిన చేతులు ఒక గాయకుణ్ణి నిలబెట్టాయి. వినే చెవులు ఆయన పాటను నిలబెడతాయి. మా ఆసామి కచేరీ చేయలేదు, రాగం పేరు చెప్పలేడు. అయినా సంగీతం బతికేది ఇలాంటివాళ్ల వల్లనే. ఆయన ఇంట పలికినందుకు నా జన్మ ధన్యం.