ఈశాన్యం సరే, ఎఫ్‌టీఎల్ సంగతేంటి?

హైదరాబాద్‌లో కోటిన్నర పోసి ఫ్లాట్ కొనేవాడంత జాగ్రత్తపరుడు ఇంకొకడుండడు. ముప్ఫై ఏళ్ళ ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాడు. రేరా నంబరు కొట్టి చూస్తాడు. లిఫ్టు ఏ కంపెనీదో, క్లబ్‌హౌస్‌లో ట్రెడ్‌మిల్లులు ఎన్నో కనుక్కుంటాడు. పక్క ఫ్లాటువాళ్ళు శాకాహారులేనా అని కూడా మొహమాటపడుతూనే ఆరా తీస్తాడు. వాన కురిస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయన్న ప్రశ్న మాత్రం ఆ నోట రాదు. అడిగితే అపశకునం కాబోలు.

మొన్నామధ్య ఒక సైటులో వాస్తు పండితుడి పనితనం దగ్గరుండి చూశాను. హాలు మధ్యలో నిలబడి, జేబులోంచి దిక్సూచి తీసి, కళ్ళు చికిలించి, వంటింట్లో స్టవ్ తొమ్మిదంగుళాలు ఆగ్నేయానికి జరగాలన్నాడు. బిల్డరు మనిషి వినయంగా రాసుకున్నాడు. ఈశాన్యాన నీళ్ళుంటే మహాయోగం అన్నాడు పండితుడు. దంపతులు మురిసిపోయారు. బాల్కనీలోంచి చూస్తే పక్కింటి ప్రహరీ మీద నడుమెత్తున గోధుమరంగు గీత ఒకటి బారుగా కనిపిస్తోంది. సున్నం వేసినా పోని గీత. ఆ మహాయోగం ఒకసారి అక్కడిదాకా వచ్చి వెళ్ళిందన్నమాట! దిక్సూచి అటు తిరగలేదు.

ఎవరైనా నసిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అన్ని పర్మిషన్లూ ఉన్నాయి సార్. బ్యాంకే లోనిస్తోందంటే ఇంకేం కావాలి?" బ్యాంకు చూసేది మీ జీతం నిలుస్తుందా అని, గుమ్మంలో నీళ్ళు నిలుస్తాయా అని కాదు. సెల్లార్ మునిగినా ఈఎమ్ఐ మాత్రం నెలనెలా ఠంచనుగా తేలుతుంది.

ఇక పర్మిషన్ల సంగతి. చెరువు నిండినప్పుడు నీరు ఎంతదూరం పరుచుకుంటుందో ఆ హద్దే ఎఫ్‌టీఎల్. చెరువు పది హెక్టార్లు, ఆపైన ఉంటే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలని నిబంధన. బ్రోచరులో చెరువు ఏడాది పొడుగునా మే నెలలోనే ఉంటుంది కాబట్టి పేచీ రాదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణల్ని కూల్చే హైడ్రా పుట్టాక, రిజిస్ట్రేషనూ లోనూ రెండూ ఉన్నవాళ్ళు కూడా ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో బుల్డోజరు దగ్గర నేర్చుకున్నారు. ట్యూషన్ ఫీజు కాస్త ఎక్కువే.

ఈ ఊరికి పాఠం కొత్తదా? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగేస్తే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతోనే 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ లేచాయి. వాటి పరీవాహకంలో కట్టడాలు పెరగకూడదని 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టారు. 2022లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షల్ని సడలించారు. కొత్త జీవో చదువుకుని వాన తన దారి తాను మార్చుకుంటుందని ఏలినవారి ధీమా. అంతకు రెండేళ్ళ ముందే, 2020 అక్టోబరులో, ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసి, టోలీచౌకి నదీం కాలనీ వీధుల్లో పడవలు తిరిగాయి.

బెజవాడది ఇంకో ముచ్చట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానింది. అందరిదీ ఒకటే మాట, "ఊహించని వరద". 2005లోనూ ముంచిన వాగది. బెజవాడ దుఃఖదాయని అని జనమే బిరుదిచ్చిన వాగు దుఃఖం తెస్తుందని ఊహించలేదట! అక్కడ చవగ్గా దొరికిందని తలదాచుకున్న పేదల్ని నేనేమీ అనను, వాళ్ళకి వేరే దారేముంది? ఎక్కడైనా కొనగల స్తోమత ఉండి, స్విమ్మింగ్ పూల్ లోతు కొలుచుకుని సంతకం పెట్టేవాళ్ళతోనే నా పేచీ.

పోనీ, తెలుసుకోవడం బ్రహ్మవిద్యా అంటే అదీ కాదు. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్ఎండీఏ ఆన్‌లైన్‌లోనే పెట్టింది. గూగుల్ ఎర్త్‌లో కాలాన్ని వెనక్కి జరిపితే మీ పోర్టికో చోట నీళ్ళు మెరుస్తూ కనిపించవచ్చు. గ్రామ నక్షాలో వాగు గీత, పహాణీలో శిఖం (చెరువు భూమి) అన్న మాట ఉండనే ఉంటాయి. నీళ్ళే కాదు, గాలి సంగతీ అంతే: బొల్లారం, జీడిమెట్ల వైపు కొనేవారు ఆదివారం పొద్దున కాకుండా రాత్రి పదకొండింటికి వెళ్ళి గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, ఫ్యాక్టరీల సంగతి ముక్కే చెబుతుంది. ఇవన్నీ ఎందుకనుకుంటే వీధి మలుపులో ఇస్త్రీ బండి మనిషిని అడగొచ్చు. 2020లో నీళ్ళు ఏ మెట్టుదాకా వచ్చాయో, ఎవరి కారు తేలిందో నంబరుతో సహా చెబుతాడు. ఫీజు తీసుకోడు కాబట్టి ఆయన మాటకి విలువ లేదు.

ఒకసారి మునిగినవాడైనా మారతాడా? ఎందుకు మారడు, అమ్మకందారుగా మారతాడు. గోడలకి పుట్టీ, సెల్లార్‌కి రంగు, సంక్రాంతికల్లా రీసేల్ ప్రకటన. ఎవరైనా ఫోన్ చేస్తే "వానలు తగ్గాక రండి, ఏరియా కళకళలాడుతుంటుంది" అంటాడు. వాళ్ళు వచ్చే రోజుకి ఇస్త్రీ బండిని కాస్త అవతలి వీధికి జరుపుకోమని వాచ్‌మన్‌తో చెప్పిస్తాడు.