మొలక మాది, షరతులు మీవి

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లాలో రెండు వేటలు మొదలవుతాయి. ఒకటి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట. రెండోది విత్తనాల అంగళ్ల ముందు రైతుల వేట. మొదటిదాంట్లో మోసం తక్కువ. వజ్రం గ్యారంటీ అని నేల ఏనాడూ ఫ్లెక్సీ కట్టించలేదు.

రెండోదాంట్లో కనబడేవన్నీ ఫ్లెక్సీలే. పత్తిచెట్టు బొమ్మలో ఆకులుండవు, అన్నీ కాయలే. పక్కన ఇస్త్రీ చొక్కా రైతు నవ్వుతుంటాడు. ఆదోని మార్కెట్ యార్డులో ఒక్క రాత్రి కాపలా పడుకున్న మొహం కాదది. అడుగున, చీమలు కూడా కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప చదవలేని అక్షరాల్లో, దిగుబడి వాతావరణాన్ని, నేలను, యాజమాన్యాన్ని బట్టి మారవచ్చునని ఉంటుంది. పండితే విత్తనం గొప్ప. పండకపోతే వానది తప్పు, నేలది తప్పు, మనది తప్పు.

ఈ తర్కాన్ని సుప్రీంకోర్టు దాకా మోసుకెళ్లిన ఘనత సాక్షాత్తు ప్రభుత్వ రంగంలోని జాతీయ విత్తన సంస్థది. విత్తనం నాసిరకమై పంట పోయిందని రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ వినియోగదారుల ఫోరాలకెక్కి, దాదాపు అన్ని కేసులూ గెలిచారు. సంస్థ ఊరుకుంటుందా? పండించి అమ్ముకునేవాడు వ్యాపారి, వినియోగదారుడు కాడంది. విత్తనాల చట్టం ఉండగా ఇక్కడికెందుకొచ్చారంది. మూడో వాదన ఇంకా ముచ్చటైంది: లోపముంటే విత్తనాన్ని ల్యాబుకు పంపి తేల్చాలట. ఆ విత్తనం ఎక్కడుంది? చేలో, మట్టి కింద. మోసపోతానని ముందే పసిగట్టి గుప్పెడు దాచుకోవాలన్నమాట! అంత ముందుచూపున్నవాడు ఆ విత్తనం కొంటాడా? 2012 జనవరిలో కోర్టు ఇవన్నీ తోసిపుచ్చింది. రైతు వినియోగదారుడేనని, కొన్నదంతా విత్తేసేవాడు పరీక్ష కోసం కొంత దాచిపెడతాడనుకోలేమని తేల్చింది.

తర్వాత చట్టానికి కోరలు కూడా మొలిచాయి. 2020 జులైలో అమల్లోకొచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. ప్రచారం చేసిన తారనైతే ఏడాది పాటు ప్రకటనల్లో కనబడకుండా చెయ్యొచ్చు. ప్రకటనల మీద వచ్చిన 2022 జూన్ మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేసి, గొప్పలు ఏ భాషలో, ఏ అక్షరాల్లో చెబితే షరతులూ అందులోనే చెప్పాలన్నాయి. దీన్ని నిజంగా పాటిస్తే మా ఊళ్లలో గోడలు చాలవు. 2024 ఏప్రిల్‌లో పతంజలి కంపెనీ తన తప్పుదోవ ప్రకటనలకు పత్రికల్లో క్షమాపణ వేయిస్తే, మీ ప్రకటనలంత సైజులోనే వేశారా అని సుప్రీంకోర్టు అడిగింది. అచ్చు సైజు కూడా న్యాయశాస్త్రంలో చేరిపోయింది.

మార్కెటింగ్ వాళ్లు తక్కువ తిన్నారా? 'గ్యారంటీ' కాస్తా 'తోటి రైతు అనుభవం' అయింది. గోడ మీది రాత వాట్సాప్ వీడియోలోకి దూరింది. అసలు ఉపాయం మాత్రం అంగట్లోనే ఉంది.

"బిల్లు ఏంటికి లేప్పా? బిల్లు రాస్తే రేటు ఎక్కువైతాది."

ఇంత చవకగా చట్టాన్ని కొనేసే పద్ధతి ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలోనూ నేర్పరు. మిగిలిన నాలుగు రూపాయలు చూసుకుని రైతు సంబరపడతాడు. సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కు గల్లాపెట్టె పక్కనే ఉండిపోతుంది. బిల్లివ్వకపోవడమే అనుచిత వ్యాపారమని 2019 చట్టం అంటోంది గానీ, ఇవ్వలేదని రుజువు చెయ్యడానికి కూడా మళ్లీ ఏదో ఒక కాగితం కావాలి కదా!

కాబట్టి అన్నలారా, లాట్ నంబరుతో సహా బిల్లు రాయించుకోండి. ఖాళీ ప్యాకెట్ పారేయొద్దు. ఆ ఫ్లెక్సీని కూడా ఫోటో తీసి పెట్టుకోండి. కొన్నది 5 లక్షల లోపైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు. మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు, గడువు రెండేళ్లు. సలహాకు ఫోన్ నంబరు 1915.