మంచు తెల్లగ వచ్చిందా బిడ్డా: ఒక కెమెరా ఆత్మకథ

నా కడుపులో 36 బొమ్మల రోలు ఒకటి ఉంది. 33 తీశారు, మూడు మిగిలాయి. ఆ 33లో చాలామటుకు ఐరోపాలోకెల్లా ఎత్తయిన ఎల్బ్రస్ కొండ మీద తీసినవి. ఒక్కటీ ఇంకా ఎవరి కంటా పడలేదు. ఏడు నెలలుగా నేను మేడ్చల్‌లో ఓ ఇంటి బీరువా పై అరలో, దుప్పట్ల వెనక, జిప్పు వేసిన ప్లాస్టిక్ సంచిలో ఉన్నాను. ఇలా పడి ఉండటం నాకిది రెండోసారి. మొదటిసారి పదిహేనేళ్ళు పట్టింది బయటికి రావడానికి.

నన్ను పెంటాక్స్ కె1000 అంటారు. జపాన్ కంపెనీ 1976లో మొదలుపెట్టి 1997 దాకా తయారు చేసిన మోడల్. ఫొటోలు తీయడం నేర్చుకునే పిల్లల చేతుల్లో లోకమంతటా నా తోబుట్టువులే ఉండేవారు. షట్టరు ఎంత వేగంగా పడాలి, లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలి, ఎంత దూరాన ఉన్నదాన్ని చూడాలి, అన్నీ పట్టుకున్న మనిషే తేల్చుకోవాలి. నాలో ఓ గుండీ సెల్ ఉంటుంది, అది వెలుతురు కొలిచే ముల్లు కోసమే. సెల్ అయిపోయినా స్ప్రింగులు, పళ్ళచక్రాలతో షట్టరు నడుస్తూనే ఉంటుంది. నన్ను మంచుకొండ దాకా తీసుకుపోయింది ఈ గుణమే.

1980లలో దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన నన్ను ఈ ఇంటి తాతకు అమ్మాడు. మేడ్చల్ రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో తాతకు చిన్న స్టూడియో ఉండేది. మేడ్చల్, శామీర్‌పేట, కీసర, తూప్రాన్... ఈ చుట్టుపక్కల నేను చూడని పెండ్లి పందిరి లేదు. ఆ పందిళ్ళలోనే తాత నా మనసు చదివాడు. నా ముల్లు ఎదురుగా ఏమున్నా నడితరం బూడిద రంగే అనుకుంటుంది. నల్ల బర్రెను చూపినా, తెల్ల పంచెను చూపినా బూడిదలోకే లాగుతుంది. అది చెప్పినట్టు తీస్తే పెండ్లికొడుకు పంచె మాసిపోయి, మొఖం నల్లబడి వస్తుంది. ఈ సంగతి తాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. మొదట్లో రెండు పెండ్లిళ్ళ ఫొటోలు పాడై, పెద్దమనుషుల చేత మాటలు పడి నేర్చుకున్నాడు. తర్వాత తన దగ్గర పనికి చేరిన ప్రతి పిల్లవాడికీ అదే చెప్పేవాడు: "తెలుపును చూస్తే ఇది బెదురుతది. ముల్లు మాట ఇనకు. కన్ను ఇంకో గీత తెరువు."

రోలు అక్కర్లేని కెమెరాలు వచ్చాయి. స్టూడియోలో జిరాక్స్ మిషన్ పెట్టారు, తర్వాత స్టూడియోనే పోయింది. నేను బీరువాలోకి చేరాను. ఆ పదిహేనేళ్ళ గురించి చెప్పుకోవాలి.

నాకు ఆపు చేసే మీట లేదు. లెన్సుకు మూత పెడితేనే ముల్లు నిద్రపోతుంది. ఇంట్లో పిల్లలు ఆ మూతను ఆటలో ఎక్కడో పారేశారు. బీరువా తలుపు తెరిచినప్పుడల్లా వెలుతురు పడి ముల్లు ఉలిక్కిపడి లేచేది, ఎవరో పిలిచారని. ఎవరూ పిలవలేదు. సెల్‌ను తీసి పక్కన పెట్టాలన్న తలపు ఎవరికీ రాలేదు, అది లోపలే కారి సెల్ గూడంతా పచ్చగా చిలుము పట్టింది. వానాకాలాల తేమకు లెన్సు లోపల బూజు సాలెగూడులా అల్లుకుంది. వెనక తలుపు సందుల్లోంచి వెలుతురు రాకుండా పెట్టిన మెత్తటి నురుగు పట్టీలు తారులా కరిగి జిగటగా మారాయి. ఏటా దసరాకు మాత్రం బయటికి తీసేవాళ్ళు. ఆయుధపూజ కదా. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పూవు పెట్టేవారు. ఆ కుంకుమ వేగం తిప్పే చక్రం సందుల్లోకి జారేది. చేతులు జోడించి దండం పెట్టారే గానీ, పదిహేను దసరాల్లో ఒక్కరు కూడా మీట నొక్కలేదు. నా షట్టరు గుడ్డతో చేసింది. అది కదలాలి. కదలకుంటే బిగుసుకుపోతుంది. పూజ కన్నా ఒక్క నొక్కు చాలునని అనుకునేదాన్ని.

బయటికి తీసింది తాత మనుమరాలు. తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీలోని ఒక లాబ్‌లో పని చేస్తుంది. బీరువా తలుపు లోపలివైపు ఆమె అతికించుకున్న రెండు పేపర్ కటింగులు నాకు కనిపించేవి. ఒకటి మాలావత్ పూర్ణది. మేడ్చల్ మీదుగా పోయే రైలు పట్టాలు పట్టుకుని పోతే వచ్చే నిజామాబాద్ జిల్లాలో, పాకాల ఆ అమ్మాయి ఊరు. భువనగిరి గుట్ట మీద తాళ్ళు పట్టుకోవడం నేర్చి, 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తర్వాత 2016లో కిలిమంజారో, 2017లో ఎల్బ్రస్. రెండోది నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబుది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కినవాడు. అందులో జూన్ 13న ఎక్కింది ఎల్బ్రస్. 2015 మార్చిలో ఆండీస్‌లోని ట్రెస్ క్రూసెస్ అనే అగ్నిపర్వతాల కొండ మీదికి ఒంటరిగా పోయి, ప్రాణాలతో తిరిగి రాలేదు.

తాత మనుమరాలూ ఆదివారాలు భువనగిరి పోయింది. సెలవు పెట్టి ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో తొలి కోర్సు చేసి, మంచుగొడ్డలి పట్టడం, బూట్లకు ఇనుపముళ్ళు కట్టుకుని నడవడం నేర్చుకుంది. ఆ తర్వాత ఎల్బ్రస్ అంది. కాకసస్ కొండల్లో నిద్రపోతున్న అగ్నిపర్వతం అది. రెండు తలలు: పడమటిది 5,642 మీటర్లు, తూర్పుది 5,621. లోపల నిప్పు, పైన హిమానీనదాలు. మన హైదరాబాదు ఎత్తు అందులో రమారమి పదో వంతు. భువనగిరి ఏకశిల కాబట్టి కాలు పెట్టినచోట పట్టు దొరుకుతుంది. హిమానీనదం అట్లా కాదు, తెల్లటి పొర కింద పగుళ్ళు దాగి ఉంటాయి. అందుకే ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు.

"ఫోను ఉంది గదా, ఈ ఇనుపముక్క ఎందుకు" అని ఇంట్లో అందరూ అన్నారు. తాత అనలేదు. ఆమె నన్ను కోఠికి తీసుకుపోయింది. అక్కడి మేస్త్రీ నన్ను పూర్తిగా విప్పి, చిలుము గీకి, బూజు తుడిచి, గడ్డకట్టిన పాత నూనె కడిగేశాడు. చలిలో చిక్కటి నూనె షట్టరును పట్టేస్తుందట. కుంకుమ కూడా దులిపాడు. కొత్త మూత కొన్నారు.

తెల్లవారకముందే శామీర్‌పేట చెరువు కట్ట మీద నడక. వీపున పదిహేను కిలోల బియ్యం మోసుకుంటూ కీసరగుట్ట మెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మెడలో నేను. మంచు లేని ఊళ్ళో మంచును తీయడం ఎట్లా నేర్చుకోవాలి? చెరువులో కొంగలున్నాయి. మొదటి రోలులో కొంగలన్నీ బూడిద పూసుకున్నట్టు వచ్చాయి. తాత ఆ ఫొటోలను కళ్ళ దగ్గరికి పెట్టుకుని చూశాడు. "ముల్లు మాట ఇన్నవు" అన్నాడు. రెండో రోలుకు కొంగలు తెల్లబడ్డాయి.

ఎల్బ్రస్ ప్రయాణంలో ఆమె నన్ను చూసుకున్నట్టు నన్నెవరూ చూసుకోలేదు. విమానాశ్రయంలో ఎక్స్‌రే పడితే రోలు చెడుతుందని చేత్తో చూడమని బతిమాలింది. చలికి సెల్ చచ్చిపోకుండా నన్ను కోటు లోపల గుండెకు ఆనించుకుంది. చలికి ఫిల్ము పెళుసవుతుంది కాబట్టి రోలు మెల్లగా తిప్పేది. గుడారంలోకి పోయేముందు జిప్పు సంచిలో పెట్టి గాలి పీల్చేసేది. లేకుంటే వెచ్చగాలి తేమంతా చల్లటి నా ఒంటి మీద నీరై దిగుతుంది. శిఖరానికి అర్ధరాత్రి దాటాక బయలుదేరారు. తెల్లవారేసరికి దారిలో ఉండే పస్తుఖోవ్ రాళ్ళు దాటాం. సూర్యుడు లేవగానే ఎల్బ్రస్ నీడ పడమటి ఆకాశం మీద ముక్కోణంలా పడింది. పైజేబులోని ఫోను అప్పటికే ఆరిపోయింది. ఎండ పైకెక్కాక ఆమె నన్ను తీసింది. 500 వేగానికి లెన్సు కన్ను 22 దగ్గర ఉండాలని నా ముల్లు అంది. నాకు భయమేసింది, ఎప్పుడూ చూడనంత తెలుపు అది. ఆమె పెదాలు కదిలాయి, ఏమన్నదో గాలిలో వినబడలేదు. వేలు మాత్రం కన్నును 16 దాకా తెరిచింది. తాత గీత అది.

రెండు తలల నడుమ జీను లాంటి చోటుంది. అక్కడికి చేరేసరికి నా ముల్లు చలికి వాలిపోయింది. షట్టరు ఆగలేదు. ఇంకో మూడు వందల మీటర్ల ఎత్తు ఎక్కితే శిఖరం. పడమటి నుంచి మబ్బు లేచింది, ముందున్న మనిషి కనబడటం మానేశాడు. దారి చూపేవాడు వెనక్కి తిరగమన్నాడు. ఆమె మారు మాట్లాడలేదు. తన బూటు ముళ్ళు, మబ్బులోకి పోయి మాయమైన కాలిబాట, తాడు ముడి, మూడు బొమ్మలు తీసి దిగింది. సరైన పనే చేసింది. నేను అక్కడ ఉన్నాను, నాకు తెలుసు.

ఇంటికొచ్చాక వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగారు: "పైకి ఎక్కినవా?" లేదనేది. వాళ్ళు మాట మార్చేవారు. మూడో రోజున నన్ను ఉన్న సంచితోనే పై అరలో పెట్టి తలుపు వేసింది. కొండ మీద నన్ను కాపాడిన ఆ సంచే ఇప్పుడు నాకు గండం. వానాకాలం తేమ లోపలే చిక్కుకుంది, లెన్సు అంచున బూజు మళ్ళీ దారం తీస్తోంది. సెల్ కూడా లోపలే ఉంది. మార్చి వచ్చింది. పై అర మీద స్లాబు కాగుతుంది. కడగని ఫిల్ము మీద దాగి ఉన్న బొమ్మ వేడికి మెల్లగా మాసిపోతుంది.

ఎక్కినవా అని తాత ఒక్కసారీ అడగలేదు. ఆయనకు చూపు మందగిస్తోంది. రాత్రి అన్నం తినేటప్పుడు బీరువా వైపు చూస్తూ అడుగుతాడు: "మంచు తెల్లగ వచ్చిందా బిడ్డా?" ఆమె తల వంచుకుని తింటుంది.

బిడ్డా, ఇంకా మూడు బొమ్మలున్నాయి. ఈ ఆదివారం తాతను శామీర్‌పేట చెరువు కట్ట మీదికి తీసుకుపో. తెల్ల పంచె కట్టుకోమను. ఆ మూడూ ఆయనవి తీయి, ఒక గీత ఎక్కువ తెరిచి. అక్కడినుంచి నేరుగా కోఠికి పోయి రోలు కడిగించు.