నరసింహుని రాజు ముక్క: ఒక గంజీఫా ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్త నిర్మల్ నకాషీల చేతిలో పుట్టి, చేతులు మారి, ప్రస్తుతం ఆత్మకూరులో ఒక ఇంటి అటక మీది ట్రంకుపెట్టెలో కాలం గడుపుతున్న గుండ్రటి పేకముక్క. దశావతార గంజీఫా కట్టలో ఇది నరసింహుని రంగుకు రాజు. గంజీఫా అంటే చేత్తో చిత్రించిన ముక్కలతో ఆడే పాతకాలపు పేకాట. పర్షియా వైపు నుంచి వచ్చిన ఈ ముక్కలను బాబరు 1527లో సింధులోని షా హసన్‌కు పంపినట్లు బాబర్‌నామా చెబుతుంది. మొగలుల కట్టలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు ఉండగా, దశావతార కట్టలో అవి పది రంగులు, 120 ముక్కలయ్యాయి; రంగుకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెముక్కలు.

గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి ఆరబెట్టి, నున్నటి రాతితో రుద్ది, గుండ్రంగా కోసిన తరువాత ఈ ముక్కకు ముఖం వచ్చింది. నకాషీ, అంటే బొమ్మలు వేయడమే కులవృత్తిగా గల చిత్రకారుడు, హిరణ్యకశిపుణ్ణి దేవుని ఒడిలో అడ్డంగా పడుకోబెట్టి, గోళ్ల కొనల దగ్గర ఎరుపును మాత్రం ఒక పూత ఎక్కువ వేశాడు. పైన లక్క పూసినా ఆ ఎత్తు ఇప్పటికీ వేలికి తగులుతుంది.

పిల్లలు బొమ్మను చూసి జడుసుకొనేవారు. పెద్దలను జడిపించింది ఆట పద్ధతి. ముగ్గురికి తలా 40 ముక్కలు పంచిన తరువాత, పగలైతే రాముని రాజు, రాత్రయితే కృష్ణుని రాజు ఎవరి చేతిలో ఉంటే వారు ఆట మొదలుపెడతారు. కొన్ని పద్ధతులలో సంధ్యవేళ ఆ హక్కు నరసింహునిదే; హిరణ్యకశిపుని వరం పగలూ రాత్రీ కాని ఆ వేళలోనే చెడింది గనుక ఈ నియమం పెట్టినవాడు పురాణం బాగా విన్నవాడై ఉండాలి. సగం రంగులలో పది పెద్దదైతే, మిగతా సగంలో ఒకటి పెద్దది. రాజు దిగిపోతే ఆ రంగులో మంత్రే పెద్ద. కాబట్టి ఏ రాజు వెళ్లిపోయాడో, ఏ మంత్రి ఇంకా ఎవరి గుప్పిట్లో పొంచి ఉన్నాడో గుర్తు పెట్టుకోలేనివాడు గెలవవలసిన పట్టును చేజేతులా పోగొట్టుకొంటాడు.

ఆత్మకూరు నల్లమల అంచున ఉంది. అదే నల్లమలలో, దక్షిణాన, తొమ్మిది నరసింహ క్షేత్రాల అహోబిలం ఉంది. చెంచులక్ష్మిని పెండ్లాడినందున ఆ దేవుణ్ణి చెంచులు బావగా భావిస్తారు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ఉత్సవమూర్తి ఊరూరా తిరుగుతాడు. ఉగ్రుడే చుట్టమైన ఈ సీమలో ఈ ముక్క తాను పరాయిదానినని ఎన్నడూ అనుకోలేదు.

అదే పెట్టెలో అచ్చుయంత్రం నుంచి వచ్చిన 52 ముక్కల కట్ట ఒకటి ఉంది: ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. దానితో లోపల-బయట ఆడతారు. ఒక ముక్కను తెరిచి పెట్టి, మిగతావాటిని ఒకటి లోపలికి, ఒకటి బయటికి చకచకా వేస్తూ పోతారు, జత ఏ వైపు పడితే ఆ వైపు పందెం గెలుస్తుంది. ఇద్దరి మధ్య నిమిషం కూడా పట్టని ఈ పోరులో ఏ రాక్షసుని బొమ్మా లేదు. అయినా పంచేవాని బొటనవేలు పై ముక్కను సగం జరిపి ఆగినప్పుడు కాసినవాని ముఖంలో కనిపించే భయానక రసం ముందు, నిర్మల్ నకాషీ వేసిన గోళ్లు కూడా మెత్తనివే.

అదృష్టానికీ నేర్పుకూ మధ్య ఉన్న ఈ తేడాను కోర్టు కూడా చూసింది: 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకొని చేతిముక్కలను పేర్చుకోవాలి గనుక రమ్మీలో నేర్పే ప్రధానమనీ, మూడుముక్కలాట వంటివి కేవలం అదృష్టం మీద నడిచేవనీ వేరుచేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1974లో వచ్చిన జూద నిరోధక చట్టాన్ని 2020లో సవరించి, సెల్‌ఫోనులో పందెం కాసే ఆటలనూ నిషేధించారు. కోర్టు పెట్టిన కొలతతో చూస్తే 120 ముక్కల జ్ఞాపకంతో నడిచే గంజీఫా నేర్పున్న ఆటల వరసలోనే చేరుతుందని ఈ ముక్క వాదన. అయితే ఆ వాదనను ఆడి నిరూపించడానికి ముగ్గురు మనుషులు కావాలి, పైగా పరశురాముని రంగులో నాలుగు ముక్కలను చెదలు తినేశాయి.