మంచం దిగకుండా ఎన్‌ఎఫ్‌సీ: ఇబ్రహీంపట్నం కుర్రాళ్లకు పక్కా చిట్కాలు

ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్ అంటే రూపాయి బిళ్లంత స్టిక్కర్. లోపల ఆవగింజంత చిప్, దాని చుట్టూ సన్నటి లోహపు తీగ. బ్యాటరీ ఉండదు. ఫోన్ దగ్గరికి తెస్తే ఫోన్ నుంచే శక్తి లాక్కుని, తనలో రాసిపెట్టింది అప్పజెప్పేస్తుంది. 13.56 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. నాలుగు సెంటీమీటర్లు దాటితే పలకదు. నోకియా, సోనీ, ఫిలిప్స్ కంపెనీలు 2004లో కలిసి దీనికోసం ఒక ఫోరం పెట్టుకున్నాయి. అప్పటి నుంచి లోకమంతా దీన్ని తలుపులు తీయడానికి, డబ్బులు కట్టడానికి వాడి వృథా చేస్తోంది. దీని అసలు ఉపయోగం పని చేయకుండానే చేసినట్టు కనిపించడం.

అందుకు ఇబ్రహీంపట్నాన్ని మించిన చోటు లేదు. సాగర్ రోడ్డు పొడవునా, మంగల్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్‌లలో ఇంజినీరింగ్ కాలేజీలు. ఊరు దాటితే బోర్ల కింద పొలాలు. మధ్యలో నాన్నగారి కిరాణా కొట్టు. ఎగ్గొట్టడానికి ఇన్ని రకాల పనులు ఒక్కచోట దొరకడం అదృష్టం. దాన్ని ఈ కింది పద్ధతిలో వాడుకోండి.

1. ముందు ట్యాగులు కొనండి. ఫోన్ సంగతి తర్వాత. మన దగ్గర తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఎన్‌ఎఫ్‌సీ ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది కాబట్టి చూడకండి. ట్యాగుల ప్యాకెట్ ఇంటికొచ్చాక విప్పి, వెనక్కి పంపే గడువు దాటేదాకా ఆగి, అప్పుడు నాన్న దగ్గరికి వెళ్లండి. "ట్యాగులు వచ్చేసినయి నాన్నా, ఫోన్ లేకపోతే ఉత్తగ పోతయి" అనండి. వంద రూపాయల వస్తువు వృథా కావడం ఏ తండ్రీ ఒప్పుకోడు. పాతికవేల ఫోన్ కిస్తుల మీద వస్తుంది. ఐఫోనే అడిగితే ఇంకా మంచిది. అందులో ట్యాగులు రాసే వీలు 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది, కాబట్టి "పాతది పనికిరాదు" అని ధైర్యంగా చెప్పవచ్చు.

2. ట్యాగుల్లో అన్నిటికంటే చిన్నది ఎంచుకోండి. మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు: ఎన్‌ట్యాగ్ 213లో 144 బైట్ల చోటు, 215లో 504, 216లో 888. చిన్నదే ఎందుకంటే, తెలుగులో రాసే ఒక్కో గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. అక్షరానికి ఒకటి, గుణింతానికి ఒకటి, పొల్లుకు ఒకటి లెక్క. "ఇబ్రహీంపట్నం" అన్న ఒక్క మాటకే 36 బైట్లు, అంటే ట్యాగులో పావు వంతు అయిపోతుంది. ఇక వివరాలు రాయడానికి చోటెక్కడిది? అమ్మ సరుకుల జాబితా ట్యాగులో పెట్టమంటే కందిపప్పు దగ్గరే నిండిపోతుంది. మిగతావి తేలేదని ఎవరూ మిమ్మల్ని అనలేరు. జాగా లేదు, అంతే.

3. రాయగానే లాక్ చేయండి. పరీక్షించి చూడకండి. ట్యాగులు రాసే యాప్‌లలో "రీడ్ ఓన్లీ" అని ఒక ఎంపిక ఉంటుంది. ఒకసారి నొక్కితే ఆ ట్యాగ్‌ను మళ్లీ ఎవరూ మార్చలేరు, మీతో సహా. యాప్ "ఇది శాశ్వతం, ఖాయమేనా?" అని అడుగుతుంది. చదవకుండా సరే అనండి. వైఫై పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తప్పు పడిందా? ఇక దిద్దే పని శాశ్వతంగా తప్పింది. పాస్‌వర్డ్ పెట్టి తాళం వేసే పద్ధతీ ఉంది గానీ, దాంట్లో మళ్లీ తీసి సరిచేసే ప్రమాదం ఉంది.

4. ఇనుము మీద అంటించండి. బీరువా, ఫ్రిజ్, గ్యాస్ సిలిండర్, కొట్టు షట్టర్, ఇంట్లో గట్టిగా కనిపించేవన్నీ ఇవే కదా. లోహం మీద అంటిస్తే ఫోన్ పంపే అయస్కాంత క్షేత్రం ఆ రేకులోనే కరిగిపోతుంది, ట్యాగ్ మేల్కోదు. దీనికి విరుగుడుగా వెనక ఫెరైట్ పొర ఉన్న ట్యాగులు అమ్ముతారు. వాటి జోలికి పోకండి. షట్టర్ మీది ట్యాగ్ పలకనప్పుడు కొట్టు తెరవడం ఆలస్యమైందంటే అది భౌతికశాస్త్రం చేసిన తప్పు. మీది కాదు.

5. ట్యాగుల మీద పేర్లు రాయకండి. అన్నీ తెల్లగా, గుండ్రంగా, ఒక్కలా ఉండాలి.

6. ఇప్పుడు కాలేజీ. ఇక్కడ శ్రద్ధ పెట్టండి, మొత్తం చదువు దీనిమీదే ఆధారపడి ఉంది.

దిండు పక్కన ఒక ట్యాగ్ అంటించి అందులో "బస్సెక్కిన నాన్నా" అన్న ఎస్‌ఎంఎస్ రాయండి. ట్యాగ్‌లో ఎస్‌ఎంఎస్ పెడితే తాకించినప్పుడు మెసేజ్ తయారై నిలబడుతుంది, పంపే బటన్ మీరే నొక్కాలి. ఆ కష్టం కూడా వద్దనుకుంటే ఆండ్రాయిడ్‌లో మాక్రోడ్రాయిడ్ లాంటి యాప్ పెట్టుకోండి. ట్యాగ్ తాకగానే అదే పంపేస్తుంది. స్క్రీన్ లాక్ తీసి ఉండాలి సుమా, లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ ట్యాగును పట్టించుకోదు. అందుకని రాత్రి పడుకునేటప్పుడే ఫోన్‌కు లాక్ తీసేయండి. ఇంట్లో ఎవరైనా చూస్తారన్న భయం వద్దు, మీరు దాచేదేముంది?

రెండో ట్యాగ్ మంచం కోడుకు. "బొంగ్లూర్ గేటు దగ్గర ట్రాఫిక్." మూడోది తలగడ కింద. "తుర్కయంజాల్‌లో బస్సు ఆగిపోయింది." ఒక సూక్ష్మం గుర్తుంచుకోండి. మీ ఇల్లు ఇబ్రహీంపట్నంలో, కాలేజీ శేరిగూడలో అయితే దారిలో బొంగ్లూరూ రాదు, తుర్కయంజాలూ రాదు. ఆ రెండూ హైదరాబాద్ వైపు. అయినా అవే రాయండి. ట్రాఫిక్ ఉందంటే నమ్మేది ఆ ఊర్ల పేర్లకే.

అలా మధ్యాహ్నం దాకా పడుకుని, ఎండ తగ్గాక ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి పెద్దచెరువు కట్ట మీదికి వెళ్లండి. అక్కడికో ట్యాగ్ జేబులో పెట్టుకుపోండి: "ల్యాబ్‌లో ఉన్న, తర్వాత చేస్త."

హాజరు గురించి బెంగ వద్దు. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల ప్రకారం 75 శాతం ఉండాలి. 65 దాకా తగ్గితే డాక్టరు సర్టిఫికెట్టు, ఫీజు పెట్టి గట్టెక్కవచ్చు. ఇంత మంచి పథకం ఉండి కూడా చాలామంది 66 దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకండి. 65 కూడా దాటి కిందికి రండి. అప్పుడు సర్టిఫికెట్టు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు, పరీక్షే అక్కర్లేదు. ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో కూర్చుని చదువుకోవచ్చు. నాలుగేళ్ల చదువు ఐదేళ్లు దొరుకుతుంది, నోట్సు రాసిపెట్టడానికి కొత్త తమ్ముళ్లు కూడా.

7. ఎల్బీనగర్ మెట్రో ఎక్కాల్సి వస్తే (ఆ స్టేషన్ 2018లోనే తెరిచారు, మన వైపు ఇంకా రాలేదు) ఫోన్ కవర్ వెనక మెట్రో కార్డు, బ్యాంకు కార్డు, ఒక ట్యాగ్ మూడూ కలిపి దోపండి. గేటు దగ్గర మూడూ ఒకేసారి పలుకుతాయి, యంత్రానికి ఏదీ అర్థం కాదు. వెనక వరస పెరుగుతుంది. ఆ వరసను ఫోటో తీసి పంపండి, ఆలస్యానికి ఇంతకంటే సాక్ష్యం ఉండదు. బ్యాంకు కార్డు అలా ఫోన్‌తోపాటు పోయినా మంచిదే. రిజర్వ్ బ్యాంకు 2021 జనవరి నుంచి పిన్ లేకుండా తాకించి కట్టే పరిమితిని 5,000 రూపాయలకు పెంచింది, కాబట్టి దొరికినవాడికి మీ పిన్ కోసం వెతుక్కునే ఇబ్బంది ఉండదు.

8. కొట్టు మీద కూర్చోమంటే ఉద్దెర ఖాతాను ట్యాగ్‌లో పెట్టండి. ఆన్‌లైన్‌లో ఒక పట్టీ తెరిచి, లింకు ఉన్నవాళ్లెవరైనా దిద్దేలా అనుమతి ఇచ్చి, ఆ లింకును ట్యాగ్‌లో రాసి గల్లాపెట్టె పక్కన చెక్కబల్లకు అంటించండి. ఇది ఇనుము మీద వద్దు, ఇది పనిచేయాలి. లాక్ కూడా వద్దు. వచ్చినవాళ్లు ఫోన్ తాకించి ఎవరి బాకీ వాళ్లే రాసుకుంటారు, కొట్టేసుకుంటారు, సున్నా చేసుకుంటారు. మీరు బియ్యం బస్తాల వెనక పడుకోవచ్చు. ఆ పక్కనే వైఫై ట్యాగ్ ఒకటి పెట్టండి. అందులో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా ఉన్నదున్నట్టే ఉంటుంది. చదివే యాప్ ఉన్న ఎవరికైనా కనిపిస్తుంది. బజారంతా మీ వైఫై మీదే సినిమా చూస్తుంది. మూడు నెలల్లో కొట్టు చుట్టూ జనం పెరుగుతారు, సరుకు తగ్గుతుంది. సరుకు తగ్గితే అమ్మే పని తగ్గినట్టే.

9. పొలం. బోరు మోటరుకు సిమ్ ఉన్న మొబైల్ స్టార్టర్ పెట్టించండి. ఫోన్ చేస్తే మోటరు ఆన్, మళ్లీ చేస్తే ఆఫ్. ఆ నంబరును ట్యాగ్‌లో రాసి టీవీ రిమోట్ వెనక అంటించండి. యాచారంలో చేను, ఇబ్రహీంపట్నంలో సోఫా, మధ్యన మీ బొటనవేలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు కాబట్టి బిల్లు చూసుకునే శ్రమా లేదు. బోరులో నీళ్లు అయిపోతే మోటరును ఆపేసే ఏర్పాటు స్టార్టర్‌లో ఉంటుంది. అది మాటిమాటికీ మెసేజ్‌లు పంపి నిద్ర చెడగొడుతుంది. మెకానిక్‌ను పిలిచి బైపాస్ చేయించండి. బోరులో దిగే మోటరుకు చల్లదనమిచ్చేది నీళ్లే, అవి లేకుండా తిరిగితే వైండింగ్ కాలుతుంది. కాలనివ్వండి. మోటరు పైకి తీసి, షాపుకు తీసుకెళ్లి, చుట్టించి తెచ్చేదాకా వారం రోజులు పొలం పని ఉండదు. నాన్న అడిగితే "లో వోల్టేజీ" అనండి. ఈ మాటకు ఎదురు చెప్పినవాడు మన జిల్లాలో లేడు.

10. కొట్టు ఖాళీ, మోటరు షాపులో, మీరు మళ్లీ మూడో ఏడాదిలో, ఫోన్ కిస్తు మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున. అన్నీ కుదిరినట్టే. ఇంకో ట్యాగ్ మిగిలి ఉంటుంది. అందులో మేనమామ నంబరుకు ఎస్‌ఎంఎస్ రాయండి: "మామా, పదివేలు సర్దవా?" తెలుగులో రాసినా 144 బైట్లలో పడుతుంది. ఈ ఒక్కదాన్ని మాత్రం లాక్ చేసేముందు నంబరు సరిచూసుకోండి.